వయ్యారిభామకు మందు కొట్టే రోడ్డు మీద బోర్డులు: ప్రాజెక్టు డైరీ

పని ఏమిటి

మండల కేంద్రం నుంచి ఊరికి వచ్చే తారు రోడ్డు. తారు వెడల్పు 5.5 మీటర్లు, రెండు పక్కలా మీటరు నుంచి మీటరున్నర మట్టి మార్జిన్, దాన్ని ఆనుకొని పత్తి చేలు. తొలకరి పడ్డ కొన్నాళ్లకే మార్జిన్ అంతా వయ్యారిభామ అనే కలుపు మొక్క కమ్మేస్తుంది. ఆకులు నేలకు పరుచుకుని ఉన్న దశలోనే, పూత రాకముందే మందు పడాలి. పూత దాటితే ఒక్కో మొక్క వేలకొద్దీ గింజలు రాలుస్తుంది. పుప్పొడితో జనానికి దురదలు, తుమ్ములు, ఆయాసం మొదలవుతాయి.

మందు గ్లైఫోసేట్. 2022 అక్టోబరు నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప వేరెవరూ దాన్ని వాడకూడదు. అందుకే కలపడం, కొట్టడం లైసెన్సున్న ఆపరేటరు మనుషుల పని. 2,4-డి అనే ఇంకో కలుపు మందు చవకే, వయ్యారిభామ మీద బాగా పనిచేస్తుంది కూడా. కానీ పత్తికి దాని ఆవిరి తగిలినా చాలు, కొత్త ఆకులు సన్నగా చీలి బెండ ఆకుల్లా మారిపోతాయి. ఎండ వేళ అందులో ఈస్టర్ రకం మరీ ఎక్కువగా ఆవిరవుతుంది. పక్కన పత్తి ఉన్న రోడ్డుకు అది పనికిరాదు. లీటరుకు 200 గ్రాముల ఉప్పు కలిపి కొట్టే పద్ధతీ ఉంది. అయితే ఉప్పు కోసం పశువులు ఆ మొక్కల దగ్గరికే వస్తాయి, మార్జిన్ మట్టీ చెడుతుంది.

ఈ డైరీలో మందు గురించి ఇంతవరకే. మిగతాదంతా బోర్డుల సంగతి.

ఒకే బోర్డు ఎందుకు సరిపోదు

మొదటి నమూనా 600 × 900 మిల్లీమీటర్ల ఫ్లెక్సీ. అందులో నాలుగు వరుసలు: జాగ్రత్త, కలుపు మందు పిచికారీ జరుగుతోంది, నెమ్మదిగా వెళ్లండి, పశువులను మేపరాదు. నాలుగు వరుసలు పట్టాలంటే అక్షరం ఎత్తు 60 మిల్లీమీటర్లకు మించదు. ఆ అక్షరాన్ని బండి మీద వచ్చేవాడు చదవగలిగేది పాతిక మీటర్ల లోపే. గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు, అంటే చదవడానికి రెండు సెకన్లు కూడా లేవు. మొదటి వరుస అందుతుంది, మిగతా మూడూ వృథా.

అసలు చిక్కు అక్షరాల సైజుది కాదు. ఈ పనిలో ప్రమాదాలు రెండు, వాటి వేళలు వేరు. బండి మనిషికి తగిలే ప్రమాదం మందు కొట్టేవాడు రోడ్డు మీద ఉన్నంతసేపే. మేకకు, గేదెకు, ఆకుకూర కోసే చేతికి ప్రమాదం అతను వెళ్లిపోయాక మొదలవుతుంది. మొదటి బోర్డు పని ముగియగానే రోడ్డు మీద కనపడకూడదు. రెండోది అప్పుడే కనపడడం మొదలుపెట్టి మూడు వారాలు నిలవాలి. రెండింటినీ ఒకే రేకు మీద రాస్తే ఏదో ఒక మాట ఎప్పుడూ అబద్ధమై ఉంటుంది. అబద్ధం చెప్పే బోర్డును జనం రెండోసారి చూడరు.

డ్రైవర్ల బోర్డు

ఆకారం త్రిభుజం, భుజం 900 మిల్లీమీటర్లు. ఎర్ర అంచు, తెల్ల నేల, మధ్యలో పార పట్టిన మనిషి నల్ల బొమ్మ. ‘మనుషులు పని చేస్తున్నారు’ అని ప్రతి డ్రైవరుకూ తెలిసిన గుర్తే ఇది. స్ప్రేయరు మోసే మనిషి బొమ్మ కొత్తగా గీయించాలన్న ఆలోచన వదిలేయడం మంచిదైంది. కొత్త బొమ్మ అర్థం కావడానికి పట్టే అర సెకను కూడా ఇక్కడ ఖరీదే.

త్రిభుజం కింద 900 × 500 పలక, రెండు వరుసలు: ‘ముందు’, ‘మనుషులు’. ఈ మాటలే ఎందుకంటే వీటిలో ఒత్తులు లేవు. ‘మందు కొడుతున్నారు’, ‘నెమ్మదిగా వెళ్లండి’ అని రాస్తే కింద ఒత్తుకు చోటు వదలాలి, దాంతో అసలు అక్షరం కుంచించుకుపోతుంది. ఒత్తు లేని మాటలతో అదే పలకలో 150 మిల్లీమీటర్ల అక్షరం పట్టింది. పగటి వెలుగులో 60 మీటర్ల దూరం నుంచి తడబడకుండా చదవగలుగుతున్నారు. గీత మందం 22 మిల్లీమీటర్లు ఉంచాం. ఇంకా లావు చేస్తే ‘షు’ లోపలి ఖాళీ మూసుకుపోయి దూరానికి నల్లటి ముద్దలా కనిపిస్తోంది.

రేకు 20 గేజీ జీఐ (జింకు పూత ఇనుప) షీటు, పైన రేడియం స్టిక్కరు. ఫ్లెక్సీ వద్దనడానికి కారణాలు రెండు. అది వెలుగును తిప్పికొట్టదు, గాలికి ఉబ్బి అక్షరాలు వంకర పోతాయి. స్టిక్కరు అతికించే ముందు రేకును థిన్నరుతో తుడవాలి. జీఐ షీటు మీద నూనె పొర ఉంటుంది. తుడవకపోతే ఎండకు అంచులు లేస్తాయి.

స్టాండు 25 మిల్లీమీటర్ల చదరపు పైపుతో, మడతపెట్టేలా ఇంగ్లీషు ‘ఏ’ ఆకారంలో చేయించాం. రెండు కాళ్ల మధ్య దూరం 800 మిల్లీమీటర్లు దాటకుండా గొలుసు ఉంది. పలక అడుగు అంచు నేలకు 600 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. తగ్గితే ఆ కలుపే బోర్డును కప్పేస్తుంది. అయినా బోర్డు పెట్టే చోట, దాని ముందు పది మీటర్ల మేర, మొక్కలను కొడవలితో కోసేస్తున్నాం.

బోర్డు ఎందుకు పడిపోతుంది

ఆర్టీసీ బస్సు, ఇసుక లారీ పక్కనుంచి దూసుకెళ్లినప్పుడు స్టాండు బోర్లా పడుతోంది. లెక్క వేస్తే కారణం తేలిగ్గా దొరికింది. త్రిభుజం, పలక కలిపి వైశాల్యం దాదాపు 0.8 చదరపు మీటరు. సెకనుకు 10 మీటర్ల గాలి తోపు తగిలితే దాని మీద పడే బలం సుమారు 59 న్యూటన్లు. బోర్డు మధ్యబిందువు నేలకు 1.07 మీటర్ల ఎత్తులో ఉంది, కాబట్టి పడదోసే తిప్పుబలం (బలం × ఎత్తు) 63 న్యూటన్ మీటర్లు. స్టాండు, రేకులు కలిపి బరువు 10 కిలోలు, సగం పీఠం 0.4 మీటర్లు. ఆపే తిప్పుబలం 39 మాత్రమే, పడక తప్పదు. ఒక్కోటి 10 కిలోల ఇసుక బస్తాలు రెండు అడుగు పైపు మీద వేస్తే అది 118 దగ్గరికి చేరుతుంది. అప్పటి నుంచి పడలేదు.

బరువుకు రాళ్లు పెట్టొద్దు. బండి తగిలితే బస్తా చిరిగి ఇసుక పోతుంది, రాయి మాత్రం ఎగిరి ఎవరి కాలికో తగులుతుంది. బోర్డును కరెంటు స్తంభానికి కట్టడమూ వద్దు.

నడిచే పనికి నిలబడే బోర్డు

అసలు తలనొప్పి ఇక్కడుంది. గుంత పూడ్చే పనైతే ఒకే చోట ఉంటుంది. బోర్డు పెట్టి మర్చిపోవచ్చు. మందు కొట్టేవాడు నిమిషానికి 45 మీటర్లు నడుస్తాడు. నాజిల్ నిమిషానికి 0.9 లీటర్లు వదులుతుంది, మందు పడే పట్టీ వెడల్పు ఒక మీటరు, అంటే ఎకరాకు 80 లీటర్ల నీళ్లు. 16 లీటర్ల ట్యాంకు దాదాపు 18 నిమిషాల్లో, 800 మీటర్ల దూరంలో ఖాళీ అవుతుంది. మొదట 150 మీటర్ల వెనుక పెట్టిన బోర్డు ట్యాంకు అయ్యేసరికి 950 మీటర్ల వెనుక ఉంటుంది. బోర్డు చూసి వేగం తగ్గించిన డ్రైవరుకు అంత దూరం ఎవరూ కనపడకపోతే మళ్లీ యాక్సిలరేటరు తొక్కేస్తాడు. మనిషి ఎదురయ్యేది సరిగ్గా అప్పుడే.

అందుకే రోడ్డును 200 మీటర్ల ముక్కలు చేశాం. ప్రతి ముక్కకు రెండు కొసలా, కొస నుంచి 150 మీటర్ల అవతల బోర్డు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి ఆగడానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో 80 మీటర్లు, 80 కిలోమీటర్ల వేగంలో 120 మీటర్లు కావాలి. 150 ఆ రెండింటినీ దాటుతుంది. బోర్డుకూ మనిషికీ మధ్య దూరం ఎప్పుడూ 350 మీటర్లు మించదు.

మూడు స్టాండ్లు చాలు. మొదటి ముక్క సున్నా నుంచి 200 అనుకుంటే, బోర్డులు సున్నాకు 150 వెనుక ఒకటి, 350 దగ్గర ఒకటి. పని సాగుతుండగానే మూడోదాన్ని 550 దగ్గర నిలబెట్టాలి. రెండో ముక్క మొదలయ్యే ముందు అన్నిటికంటే వెనుకనున్నదాన్ని తెచ్చి 50 దగ్గర పెట్టాలి. 350 దగ్గరిది ఖాళీ అవుతుంది, అది 750కి వెళ్తుంది. పంపు నడుస్తున్నంతసేపూ ఏ వైపూ బోర్డు లేకుండా ఉండదు. మోయడానికి ట్రాలీ ఆటో, అందులో బోర్డుల పనికే ఒక మనిషి. ఈ మనిషిని జెండా పనికి లాగితే వరుస మొత్తం తప్పుతుంది.

150 మీటర్ల గీత మలుపు లోపల పడితే బోర్డును మలుపుకు ముందుకు జరపాలి. దూరం పెరిగినా పరవాలేదు, మలుపు తిరిగాక కనిపించే బోర్డు వల్ల లాభం లేదు. కల్వర్టు గోడల మధ్య మార్జిన్ ఉండదు, అక్కడ స్టాండు పెట్టకూడదు. ముక్క లోపలికి కలిసే ప్రతి బండ్ల బాట దగ్గర 750 మిల్లీమీటర్ల కోను, దాని మీద చిన్న త్రిభుజం. చేలోంచి వచ్చే ట్రాక్టరు మన బోర్డులు రెండూ చూడకుండానే మధ్యలోకి వస్తుంది మరి.

మనిషి, పంపు, జెండా

మందు కొట్టేవాడు పోయేటప్పుడు తన కుడి మార్జిన్ మీద, తిరిగొచ్చేటప్పుడు మళ్లీ తన కుడి మార్జిన్ మీద నడవాలి. మన దేశంలో బండ్లు ఎడమన నడుస్తాయి కాబట్టి, అలా చేస్తే దగ్గరి బండి ఎప్పుడూ ఎదురుగానే వస్తుంది. వీపు వైపు నుంచి రాదు. ముక్కకు రెండు పక్కలు కలిపి 400 మీటర్లు, 8 లీటర్లు. ఒక ట్యాంకు రెండు ముక్కలకు సరిపోతుంది, నింపడం ఎప్పుడూ ముక్క చివరే జరుగుతుంది.

అందరూ మర్చిపోయే విషయం ఒకటుంది. మెరిసే జాకెట్ వేయించి తృప్తిపడతాం కానీ, 16 లీటర్ల ట్యాంకు వీపు మొత్తాన్ని కప్పేస్తుంది. ముందు వైపు ఆప్రాన్ కప్పేస్తుంది. వెనుక నుంచి వచ్చేవాడికి కనిపించేది ట్యాంకే. దాని మీద 50 మిల్లీమీటర్ల రేడియం పట్టీలు రెండు అడ్డంగా అతికించాం. టోపీకి చుట్టూ ఒక పట్టీ వేశాం.

జెండా మనుషులు ఇద్దరు, మందు కొట్టేవాడికి చెరో వైపు 40 మీటర్ల దూరంలో అతనితో పాటే నడుస్తారు. వాళ్లు బండ్లను ఆపడం తక్కువ, పంపును ఆపించడం ఎక్కువ. రెండు చక్రాల బండి దూరంగా కనపడగానే ఒక విజిల్: ట్రిగ్గరు వదిలేయాలి. బండి దాటాక రెండు విజిళ్లు: మళ్లీ మొదలు. బండి దాటిపోవడానికి పట్టేది కొన్ని సెకన్లే. బస్సుకు కూడా ఇదే పద్ధతి, కిటికీలు తెరిచి ఉంటాయి కాబట్టి.

మూడు స్టాండ్ల కొమ్ము మీద 30 సెంటీమీటర్ల గుడ్డ రిబ్బను కట్టాం, గాలి చూడడానికి. ఆకులు మెల్లగా కదిలే గాలి మంచిది, రోడ్డు వెంబడి వీస్తే ఇంకా మంచిది. రిబ్బను నిలువునా వేలాడుతూ అసలు కదలకపోతే కూడా కొట్టొద్దు. తెల్లవారుజాము నిశ్చలంలో సన్న తుంపర కిందికి దిగక గాలిలోనే తేలి ఎటో పత్తి మీద వాలుతుంది. రిబ్బను అడ్డంగా లేస్తే పని ఆపాలి. పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా కూలీల ఆటోలు, బడి ఆటోలు. అందుకే మంచు ఆరాక, బడి మొదలయ్యాక తొమ్మిదిన్నరకు మొదలుపెట్టి గాలి లేచేదాకా చేయడం ఇక్కడికి కుదిరింది.

పశువుల బోర్డు: బొమ్మతో తిప్పలు

ఇది మందు పడ్డాక నిలిచే బోర్డు. చదవలేనివాళ్లకూ అర్థం కావాలి కాబట్టి బొమ్మలే ప్రాణం.

మొదట త్రిభుజంలో మేక బొమ్మ వేయించి చూపించాం. మేకలు కాసే అవ్వ చెప్పిన అర్థం: “ఇక్కడ గొడ్లు అడ్డం వస్తయి, మెల్లగ పొమ్మంటున్నది బిడ్డా.” ఆమె చదివింది నిజమే. రోడ్డు మీద పశువుల హెచ్చరిక గుర్తు అచ్చం అలాగే ఉంటుంది. తర్వాత పుర్రె, ఎముకల బొమ్మ. దాన్ని చూసి కరెంటు అన్నారు, ట్రాన్స్‌ఫార్మరు కంచె మీద చూసేది ఆ బొమ్మే కదా. చివరికి కుదిరింది ఇది: నిలువు దీర్ఘచతురస్రం, పసుపు నేల, పైన గడ్డి మేస్తున్న మేక, కింద మొక్క తెంపుతున్న చేయి, రెండింటి మీదా ఎర్రటి అడ్డగీత గుండ్రం. మేక తల వంచి మేస్తూ ఉండాలి. నిలబడ్డ మేకైతే మేకలను తోలుకురావద్దని మాత్రమే అర్థమవుతోంది, గడ్డి కోసుకుపోవచ్చనుకుంటున్నారు.

ఎరుపు విషయంలో చాలా జాగ్రత్త కావాలి. మామూలు ప్రింటులో ఎండకు ముందుగా వెలిసిపోయేది ఎరుపే, నలుపు నిలుస్తుంది. అడ్డగీత వెలిసిపోతే మిగిలేది మేస్తున్న మేక బొమ్మ, అంటే ‘ఇక్కడ మేపుకోండి’ అన్నట్టే. అందుకని ఎర్ర గుండ్రాన్ని ప్రింటు చేయించకుండా ఎర్ర వినైల్‌లో కత్తిరించి అతికించాం.

షీటు 5 మిల్లీమీటర్ల సన్‌ప్యాక్ (లోపల గొట్టాలుండే ప్లాస్టిక్ అట్ట), 45 × 60 సెంటీమీటర్లు. ఇనుప రేకు రాత్రికి మాయమవుతుంది, సన్‌ప్యాక్‌కు పాత సామాను కొట్టులో ధర రాదు. షీటు లోపలి గొట్టాలు నిలువుగా ఉండేలా కత్తిరించాలి, అడ్డంగా ఉంటే గాలికి మధ్యలో మడత పడుతుంది. 1.5 మీటర్ల వెదురు కర్ర, 40 సెంటీమీటర్లు భూమిలోకి. కట్టేది బైండింగ్ వైరు, కన్నాల దగ్గర వాషరు లేకపోతే షీటు చిరిగిపోతుంది. ప్రతి 100 మీటర్లకు ఒకటి, ఒకసారి కుడి పక్క, ఒకసారి ఎడమ పక్క. వీటికి తోడు ప్రతి బండ్ల బాట మొదట్లో, బస్సు స్టాపు దగ్గర, బడి గేటు దగ్గర, పశువులు నీళ్లు తాగే చోటికి దిగే దారిలో ఒక్కోటి. అక్కడ కొట్టకపోయినా సరే, మంద మార్జిన్ ఎక్కేది అక్కడే.

బొమ్మల కింద రాత: ‘మందు కొట్టాం. మేపొద్దు. కోయొద్దు.’ ఆ కింద కొట్టిన తేదీ, ఎప్పటివరకో తేదీ, వారం పేరు. అడుగున చిన్న అక్షరాల్లో మందు సాంకేతిక నామం, శాతం, 108. ఇది దారిన పోయేవాడికి కాదు. ఎవరైనా వాంతులతో ఆసుపత్రికి వెళ్తే డాక్టరు మొదట అడిగేది మందు పేరే.

మూడు వారాలు ఎందుకు

లేబుల్ మీద మేపు గడువు రాసి ఉంటే అదే పాటించాలి, ఎక్కువైతే ఎక్కువే. దాని మీద మా సొంత హద్దు 21 రోజులు. గ్లైఫోసేట్ పడ్డ మొక్క వెంటనే చావదు, పూర్తిగా ఎండడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ మధ్యకాలమే ప్రమాదం. చూడ్డానికి పచ్చగానే ఉంటుంది, మందు పడ్డట్టు తెలియదు. కొన్ని కలుపు మందులు పడి వాడుతున్న మొక్కలు పశువులకు మామూలు కంటే రుచిగా కూడా ఉంటాయి, మామూలుగా ముట్టని మొక్కను అప్పుడు తింటాయి. మూడు వారాలంటే ఇంకో సౌకర్యం: గడువు కొట్టిన వారం నాడే తీరుతుంది. ‘బుధవారం కొట్టారు, మూడో బుధవారం దాకా’ అంటే సంత లెక్కతో గుర్తుంటుంది. తేదీ ఒక్కటే రాస్తే గుర్తుండదు.

తేదీని సుద్దతో రాస్తే మొదటి వానకే పోతుంది, మామూలు స్కెచ్ పెన్ను వారంలో వెలిసిపోతుంది. నల్ల ఆయిల్ పెయింటు మార్కరు నిలుస్తోంది. దాన్ని విడి పట్టీ మీద రాసి బోర్డుకు బిగిస్తున్నాం, తర్వాత పట్టీ మారిస్తే సరిపోతుంది.

బోర్డు మీదే భారం వేయకూడదు. ముందు రోజు సాయంత్రం డప్పు చాటింపు, అందులో ముక్కల హద్దులు ఊరి గుర్తులతో చెప్పించాలి: ఫలానా మర్రిచెట్టు నుంచి ఫలానా కల్వర్టు దాకా. వేరే ఊరి నుంచి వలస వచ్చే గొర్ల మందలకు చాటింపు అందదు, వాళ్లకు బోర్డే దిక్కు.

పెట్టే వరుస, తీసే వరుస

పెట్టేటప్పుడు డ్రైవరు మొదట చూసే బోర్డు మొదట. రెండో కొస బోర్డు తర్వాత. కోన్లు, జెండాలు ఆ తర్వాత. పంపు అన్నిటికంటే చివర. తీసేటప్పుడు దీనికి తలకిందులు: మనిషి రోడ్డు దిగాక కోన్లు, చివర త్రిభుజాలు. భోజనానికి ఆగినా త్రిభుజాలు మడిచి పడుకోబెట్టాలి. పని లేని చోట ‘ముందు మనుషులు’ అని నిలబడితే, రోజూ వచ్చే పాల ఆటో డ్రైవరు ఒకటికి రెండుసార్లు చూసి మూడోసారి పట్టించుకోవడం మానేస్తాడు.

పశువుల బోర్డులు అదే ముక్కలో పంపు ఆగగానే పాతాలి, సాయంత్రం ఒకేసారి పాతుదామంటే కుదరదు. మధ్యాహ్నం మందలు తిరిగొచ్చే దారి ఇదే. గడువు తీరిన నాడు పొద్దున్నే పీకేయాలి, గుంత పూడ్చాలి. వారానికోసారి మొత్తం నడిచి చూడాలి: పడిపోయినవి, వెలిసినవి, పొయ్యిలోకి పోయిన వెదురు కర్రలు. కర్రకు అడుగున తారు పూస్తే పొయ్యికి పనికిరాదు, చెదలు కూడా పట్టవు.

రెండో విడతకు

ఆగస్టు వానలకు రెండో మొలక వస్తుంది. అప్పుడు అడ్డొచ్చేది పండుగ. వినాయక చవితి పత్రికి గరిక, ఉత్తరేణి ఈ మార్జిన్ల మీదే కోస్తారు. ఆ తర్వాత బతుకమ్మకు గునుగు, తంగేడు. పూల కోసం చీకటితోనే వస్తారు, పిల్లలు కూడా వస్తారు, ఆ వేళకు ఏ బోర్డూ కనపడదు. అందుకే ‘ఎప్పటివరకు’ తేదీ చవితిని తాకే ముక్కలో మందు కొట్టడం లేదు. తంగేడు పొదలున్న చోట్ల ఏ విడతలోనూ కొట్టడం లేదు, వాటికి ఎర్ర రిబ్బను కట్టి ఆపరేటరు మనుషులకు ముందే చూపించాం. ఆ ముక్కల్లో వాన పడి నేల మెత్తబడ్డ మర్నాడు, పూత రాకముందే, చేతికి తొడుగులు, నిండు చేతుల చొక్కా, ముఖానికి గుడ్డతో వేళ్లతో సహా పీకడమే. డ్రైవర్ల త్రిభుజాలు, ట్రాలీ ఆటో ఆ పనికీ కావాలి. పీకే మనుషులు వంగి ఉంటారు కాబట్టి నిలబడ్డ మనిషి కంటే ఆలస్యంగా కనిపిస్తారు. ముక్కను 100 మీటర్లకు తగ్గిస్తున్నాం.